అనుదిన పరిచర్య: తెలుగు క్రైస్తవ భాషలో ‘సేవ’ అర్థసంకోచం

వ్యాససంగ్రహం:
తెలుగు ప్రొటెస్టంటు క్రైస్తవుల వాడుకలో ‘సేవ’, ‘పరిచర్య’ అనే మాటలు క్రమంగా బోధకవృత్తికి పరిమితమయ్యాయి. వంట, వైద్యం, చెప్పులు కుట్టడం, రోగికి సపర్యలు వంటి నిత్యజీవిత శ్రమ ఆ మాటల పరిధికి వెలుపల మిగిలింది. ఈ అర్థసంకోచానికి బైబిలు అనువాదంలో కనిపించే ఆధారాలను, దాని సామాజిక నేపథ్యాన్ని, జాషువా ‘గబ్బిలం’ ఆ మాటకు తిరిగి ఇచ్చిన విస్తృతిని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: సేవ, పరిచర్య, ఉపచారం, అర్థసంకోచం, బైబిలు అనువాదం, వెట్టి, జాషువా, సికింద్రాబాద్.

1. ‘సేవలో’, ‘సర్వీసులో’

సికింద్రాబాద్ తెలుగు ప్రొటెస్టంటు కుటుంబాలలో ‘ఆయన సేవలో ఉన్నారు’ అంటే ఆ వ్యక్తి పాస్టరో, సువార్తికుడో అని అర్థం. ‘ఆయన సర్వీసులో ఉన్నారు’ అంటే రైల్వేలోనో, రక్షణశాఖలోనో, ప్రభుత్వ పాఠశాలలోనో ఉద్యోగం చేస్తున్నారని అర్థం. కంటోన్మెంటుగా పుట్టి, 1966 నుంచి దక్షిణ మధ్య రైల్వేకు కేంద్రంగా ఉన్న నగరంలో రెండో వాక్యం మొదటిదానికన్నా ఎక్కువగా వినబడటం సహజమే. రెండు మాటల మూలార్థం ఒకటే. అయినా ఇద్దరు అన్నదమ్ములలో ఒకరు ‘సేవ’లో, మరొకరు ‘సర్వీసు’లో ఉన్నారని చెప్పినప్పుడు వినేవారికి సందేహం రాదు. ఒకరిది దేవుని పని, మరొకరిది పొట్టకూటి పని.

ఇదే నగరంలో ఆదివారం ఉదయపు ఆరాధనను కూడా ‘సర్వీసు’ అనే అంటారు. తెలుగు సర్వీసు, ఇంగ్లీషు సర్వీసు అని వేళలు చెప్పుకుంటారు. దేవాలయంలో గంటన్నర గడిపినా సర్వీసే, లోకోషెడ్డులో ముప్పై ఏళ్లు గడిపినా సర్వీసే. తెలుగు మాట విడదీసిన రెండింటిని అరువుమాట తెలియకుండానే కలిపి ఉంచింది. హీబ్రూలోని ‘అవోదా’ అనే మాటకు కూడా పని, దాస్యం, ఆరాధన అనే అర్థాలు మూడూ ఉన్నాయి. నిర్గమకాండంలో ఫరో చేయించిన వెట్టికీ, అరణ్యంలో దేవునికి చేయవలసిన ఆరాధనకూ ధాతువు ఒక్కటే. ఆ కథలోని సంఘర్షణ అంతా ఆ ఒక్క ధాతువు మీదే నడుస్తుంది: ఈ ప్రజలు ఎవరికి పని చేయాలి?

ఒకప్పుడు ఏ వస్త్రానికైనా చెల్లిన ‘చీర’ ఇప్పుడు స్త్రీలు కట్టుకునే వస్త్రానికే పరిమితమైనట్లు, ‘సేవ’ సంఘంలో బోధకుని వృత్తికి పరిమితమైంది. ‘సేవకుడు’, ‘దైవసేవకుడు’ అనేవి బోధకునికి పర్యాయపదాలయ్యాయి. ‘పూర్తికాల సేవ’ అనే పదబంధం ఇంకొక అడుగు ముందుకు వేసింది. ఉద్యోగం మానితేనే సేవ పూర్తవుతుందన్న సూచన ఆ విశేషణంలోనే ఉంది. కతోలిక సంఘంలో బోధకుని స్థానాన్ని సూచించడానికి ‘గురువు’ అనే మాట ఉంది. అందువల్ల ఆస్పత్రిలోనూ బడిలోనూ కన్యస్త్రీలు చేసే పనిని ‘సేవ’ అనడానికి అక్కడ అడ్డంకి తక్కువ. ఇక్కడి పరిశీలన ప్రొటెస్టంటు వాడుకకే పరిమితం.

2. ఒకే క్రియ, నాలుగు తెలుగు మాటలు

ఈ సంకోచానికి మూలాలు వెతికితే, తరతరాలుగా తెలుగు సంఘాలు చదువుతున్న బైబిలు సొసైటీ పాత అనువాదం వద్దకు వెళ్లక తప్పదు. కొత్త నిబంధన గ్రీకులో ‘దియకోనియా’ అనే నామం, దానికి చెందిన క్రియ భోజనం వడ్డించడం నుంచి వాక్యం బోధించడం వరకు అన్నిటికీ వాడబడ్డాయి. తెలుగులో ఆ ఒక్క మాట పరిచర్య లేదా పరిచారము, ఉపచారము, సేవించుట, పని అని నాలుగు పాయలుగా చీలింది. ఏ పాయ ఎవరి వైపు ప్రవహించిందన్నదే ఇక్కడి ప్రశ్న.

మార్కు సువార్త మొదటి అధ్యాయంలో 13వ వచనంలో అరణ్యంలో ఉన్న యేసుకు దేవదూతలు ‘పరిచర్య’ చేస్తారు. అదే అధ్యాయం 31వ వచనంలో జ్వరం తగ్గి లేచిన సీమోను అత్త ‘ఉపచారము’ చేస్తుంది. గ్రీకులో క్రియ ఒక్కటే, కాలం కూడా ఒక్కటే. మధ్య ఉన్నవి పదిహేడు వచనాలే. 1611 నాటి ఇంగ్లీషు అనువాదం రెండు చోట్లా ఒకే మాట వాడింది కాబట్టి ఈ తేడాను దాని మీదికి నెట్టడం కుదరదు. యోహాను సువార్త 12వ అధ్యాయంలోనూ ఇంతే. 2వ వచనంలో విందులో వడ్డించిన మార్త చేసింది ‘ఉపచారము’, 26వ వచనంలో శిష్యుడు చేయవలసింది ‘సేవించుట’. క్రియ మళ్లీ ఒక్కటే.

లూకా 10వ అధ్యాయంలో మార్త పరిస్థితి ఇంకా కిందికి దిగింది. గ్రీకులో ఆమెను సతమతం చేసింది విస్తారమైన ‘దియకోనియా’. తెలుగులో అది విస్తారమైన ‘పని’. ‘పరిచర్య’లో మునిగిన మార్తకూ ‘పని’లో మునిగిన మార్తకూ చాలా దూరం ఉంది. మొదటిదైతే వాక్యం వినకుండా పరిచర్యలో కొట్టుకుపోయే బోధకునికి కూడా ఆ కథ హెచ్చరిక అయ్యేది. రెండోది కావడం వల్ల అది స్త్రీల సమాజపు ప్రసంగాలకు అంశమై, వంటింటి మీద తీర్పుగా మిగిలింది. ఆ ప్రసంగం వినివచ్చిన తరువాత మధ్యాహ్న భోజనం ఎవరు వండుతారన్నది వేరే సంగతి.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం ఈ చర్చకు గుండెకాయ వంటిది. విధవరాండ్రకు భోజనం అందడం లేదన్న ఫిర్యాదుతో అది మొదలవుతుంది. గ్రీకు మూలంలో మొదటి వచనంలో దినదినం జరిగే అన్నవితరణ ‘దియకోనియా’, రెండో వచనంలో బల్లల వద్ద వడ్డన అదే ధాతువు, నాలుగో వచనంలో వాక్యబోధ కూడా ‘దియకోనియా’యే. అపొస్తలులు రెండు పనులను పంచారు గాని, వాటికి వేరువేరు పేర్లు పెట్టలేదు. తెలుగు అనువాదకులు మొదటి వచనంలో ‘అనుదిన పరిచర్య’ అన్నారు. ఎంతో అందమైన ప్రయోగం అది. కాని రెండో వచనానికి వచ్చేసరికి ఆ మాటను వదిలి, ఆహారం పంచిపెట్టడం అని మామూలుగా చెప్పారు. నాలుగో వచనంలో మళ్లీ ‘వాక్యపరిచర్య’ అన్నారు. నిత్యం బోధలో వినబడే ఆ సమాసం నిలిచిపోయింది, ‘అనుదిన పరిచర్య’ వాడుకలోకి రాలేదు. ఏ సంఘపు కార్యక్రమపత్రంలోనైనా ‘వాక్యపరిచర్య’ అనే శీర్షిక ఉంటుంది. అన్నం పెట్టేదాన్ని ‘ప్రేమవిందు’ అంటారు. పేరు బాగానే ఉంది గాని, దాన్ని వండేవారికి పరిచారకులన్న పేరు లేదు.

ఈ పంపకాన్ని ఒక నియమంగా చూపడం పొరపాటవుతుంది. రోమా పత్రిక చివరి అధ్యాయంలో ఫీబేను తెలుగు అనువాదం సంఘ ‘పరిచారకురాలు’ అనే పిలిచింది. యెరూషలేములోని పేదల కోసం పౌలు సేకరించిన చందాను కూడా ‘పరిచర్య’ అనే అంది. రోమా 12వ అధ్యాయం మొదటి వచనంలో, మూలంలోని ‘లత్రేయా’ అనే ఆరాధనార్థక పదానికి ‘సేవ’ అని వాడి, శరీరాన్ని సమర్పించే జీవితమంతటినీ ఆ మాటలో ఇమిడ్చింది. కాబట్టి అనువాదకులకు విశాలార్థం తెలియదని అనలేము. స్త్రీ, వంటిల్లు, విందు ఎదురైనప్పుడు వారి చేయి తెలుగు ఇంటి వాడుక వైపు సహజంగా మొగ్గింది. తరువాతి తరాల బోధకులు ఆ మొగ్గును సిద్ధాంతంగా మార్చారు.

3. బాంచన్ అన్నవారి మనుమలు

వాక్యబోధ ఒక్కటే ఎందుకు ‘సేవ’ అయిందన్న ప్రశ్నకు అనువాదం సగం జవాబే ఇస్తుంది. తక్కిన సగం తెలంగాణ గ్రామచరిత్రలో ఉంది.

వెస్లియన్ మెథడిస్టు మిషను 1870ల చివర సికింద్రాబాద్ నుంచి పని ప్రారంభించింది. 1895లో వచ్చిన చార్లెస్ వాకర్ పోస్నెట్ తిరుమలగిరిలోని బ్రిటిష్ సైనికుల మధ్య కొంతకాలం పనిచేసి, తృప్తి కలగక మెదక్ ప్రాంతపు పల్లెలకు వెళ్లాడు. ఆ పల్లెలలో సంఘంలో చేరినవారిలో అధికులు మాల, మాదిగ కుటుంబాలవారు. నిజాం రాజ్యంలో దొరలకూ అధికారులకూ కూలి లేకుండా వెట్టి చేసినవారు. వారి నోట ‘బాంచన్’ అన్నది మర్యాదవాచకం కాదు, తాను బానిసనన్న ఒప్పుకోలు. పల్లెలో చాకిరి వారికి పుట్టుకతో వచ్చిన విధి.

అటువంటి సమాజానికి ‘సేవ చేయండి’ అని చెప్పడం తేలిక కాదు. కులీన కుటుంబంలో పుట్టినవాడు చీపురు పట్టుకుంటే అది త్యాగమవుతుంది. తరతరాలుగా చీపురు పట్టినవాని చేతికి దాన్నే మళ్లీ ఇస్తే అది పాత విధి కొనసాగింపు అవుతుంది. ఆ కుటుంబం నుంచి ఒకడు తెల్లబట్టలు కట్టి, గ్రంథం చేతబట్టి, పదిమంది ఎదుట నిలబడి మాట్లాడితే అది విముక్తి. ‘సేవకుడు’ అనే మాట బోధకునికి గౌరవవాచకం కావడంలో ఈ విముక్తి ఉంది. అందువల్ల ఈ అర్థసంకోచాన్ని కేవలం పతనంగా చూడటం అన్యాయం. ఒకప్పుడు అవమానానికి గుర్తైన మాటను ఒక సమాజం పైకెత్తి పట్టుకుంది. పైకెత్తినప్పుడు కింద ఉన్న పనిని దానినుంచి విడగొట్టింది.

కీర్తనల సంప్రదాయం దీనికి తోడైంది. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి కవులు భక్తిసాహిత్యపు దాస్యభావాన్ని క్రైస్తవ కీర్తనలోకి తెచ్చారు. యేసుదాసు, దేవదాసు వంటి పేర్లు ఇళ్లలో స్థిరపడ్డాయి. దొరకు కాక దేవునికి దాసుడైనవాడు ఇక ఏ దొరకూ బాంచన్ కాడన్న ధ్వని ఆ పేర్లలో ఉంది. కాని కీర్తనలోని దాస్యం పాదాల చెంత కూర్చుని పాడే దాస్యం. నాటు వేసే చేతులకు, రాయి మోసే తలకు అందులో చోటు తక్కువ.

రాయి మోసిన తలల ప్రస్తావన మెదక్ దేవాలయాన్ని గుర్తు చేస్తుంది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైన ఆ కట్టడం కరువుకాలంలో ప్రజలకు పని, తిండి కల్పించడానికి లేచిందని ప్రసిద్ధి. ఆ లెక్కన బల్లల పరిచర్య, వాక్యపరిచర్య ఒకే పునాది మీద నిలిచిన అరుదైన సందర్భం అది. అయినా దాని కథ చెప్పేవారు పోస్నెట్ సేవను తలచుకుంటారు, రాళ్లెత్తినవారి ‘పని’ని తలచుకుంటారు. నూరేళ్ల తరువాత కూడా ఈ రెండు మాటలు చోటు మారలేదు.

కొలొస్సీ పత్రిక 3వ అధ్యాయంలో ఏ పనైనా ప్రభువు కోసమన్నట్లు మనసుపెట్టి చేయమన్న ఉపదేశం ఉంది. ఉద్యోగుల కూడికలలో తరచు వినబడే వాక్యం ఇది. అది బానిసలను ఉద్దేశించి చెప్పినదని, ఆ వెంటనే 4వ అధ్యాయం మొదటి వచనం యజమానులను న్యాయానికి బద్ధులను చేస్తుందని మాత్రం అరుదుగా వినబడుతుంది. అధ్యాయ విభజన ఆ రెంటి మధ్య పడటం దురదృష్టకరం. న్యాయమైన కూలి ప్రస్తావన లేకుండా శ్రమను సేవ అని కీర్తించడం వెట్టికి వేదాంతం చెప్పడమే అవుతుంది.

4. ‘గబ్బిలం’లో సేవ

సంఘభాష మరచిన అర్థాన్ని సంఘం వెలుపలి నుంచి, ఒక క్రైస్తవ కవే నిలబెట్టాడు. 1941లో వెలువడిన జాషువా ‘గబ్బిలం’లో కథానాయకుడు చెప్పులు కుట్టి బతికే దళితుడు. ప్రసిద్ధమైన ఒక పద్యంలో కవి ఆ చెప్పులు కుట్టే పనిని ‘సేవ’ అన్నాడు. అంతటితో ఆగక, ఆ సేవకు భరతావని అప్పుపడి ఉందన్నాడు.

‘సేవ’ పక్కన ‘అప్పు’ను నిలబెట్టడంలోనే ఆ పద్యం బలమంతా ఉంది. భక్తిపరంగా సేవకు ప్రతిఫలం అడగకూడదు, వెట్టిలో అడిగే వీలే లేదు. జాషువా రెంటినీ తిరస్కరించాడు. శ్రమను సేవ అని గౌరవించాడు, గౌరవించినందువల్లనే లెక్క తేల్చమన్నాడు. కొలొస్సీ పత్రికలో అధ్యాయ విభజన విడదీసిన రెండు ఉపదేశాలు ఇక్కడ ఒకే పద్యంలో కలిశాయి. పైగా ఆ సేవ అందుకున్నది ఎవరి పాదం? తనను ముట్టుకోని సమాజపు పాదం. పాదాలకు చేసిన సేవ అనగానే యోహాను 13వ అధ్యాయంలోని పాదప్రక్షాళన స్ఫురిస్తే అది కేవలం యాదృచ్ఛికం అనిపించదు.

1964లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ‘క్రీస్తు చరిత్ర’ను క్రైస్తవకావ్యంగా, ‘గబ్బిలం’ను సామాజిక కావ్యంగా విడదీసి చదవడం విమర్శలో అలవాటైంది. సేవ అనే ఒక్క మాటను పట్టుకుని చదివితే ఆ విభజన నిలవదు. నిత్యశ్రమ గురించిన క్రైస్తవ ఆలోచన ఆ కవిలో ‘గబ్బిలం’లోనే ఎక్కువ గాఢంగా ఉంది.

5. ఉపచారం వైపు

స్త్రీల పనికి దక్కిన ‘ఉపచారము’ అనే మాటను చిన్నదిగా చూడటంలో మరో పొరపాటు ఉంది. తెలుగు చెవికి ఆ మాట చిన్నది కాదు. దేవతార్చనలో షోడశోపచారాలు ఉన్నాయి. పాద్యం, అర్ఘ్యం, స్నానం, వస్త్రం, నైవేద్యం అన్నీ ఉపచారాలే. ఇంట్లో రోగికి చేసేదీ ఉపచారమే. గుడిలోని దేవునికీ మంచం మీది మనిషికీ ఒకే మాట చెల్లడం తెలుగులో ‘ఉపచారం’ విషయంలోనే ఇంత సహజంగా కనిపిస్తుంది. ‘పరిచర్య’ బోధకవృత్తికి పోయాక, దేవుని సేవనూ పొరుగువాని సేవనూ కలిపి పట్టుకోగల మాట సీమోను అత్త చేతిలోనే మిగిలింది. భక్తుడు దేవుని పాదాలకు ఇచ్చే పాద్యం, యోహాను 13లో గురువు శిష్యుల పాదాలకు ఇచ్చేదిగా తారుమారైన తీరు ఈ మాట ద్వారా చెబితే తెలుగు పాఠకునికి మరే వ్యాఖ్యానమూ అక్కరలేదు. 1964లో రాజమండ్రిలో ఏర్పడి తరువాత జంటనగరాలకు తరలిన ఆంధ్రా క్రిస్టియన్ థియోలాజికల్ కాలేజ్ వంటి సంస్థలలో తెలుగులో వేదాంతం రాసేవారు పరిశీలించదగిన మాట ఇది.

మత్తయి 25వ అధ్యాయంలోని తీర్పు దృశ్యంలోనూ పాత అనువాదం ‘ఉపచారము’ అనే మాటనే వాడింది. అయితే అది ఎవరి నోట వచ్చిందన్నది గమనార్హం. ఆకలిగొన్నవానికి అన్నం పెట్టడం, దాహానికి నీళ్లివ్వడం, పరదేశిని చేర్చుకోవడం, బట్ట ఇవ్వడం, రోగిని, ఖైదీని చూడటం అని కుడివైపువారు ఒక్కొక్కటిగా చెప్పుకొస్తారు. ఎప్పుడు చేశామని ఆశ్చర్యపోతారు తప్ప, తాము చేసినవాటన్నిటినీ కలిపి ఒక పేరు పెట్టరు. ఎడమవైపువారు అదే జాబితాను గబగబా చదివి, చివర ఒక్క క్రియలో ముగిస్తారు. మూలంలో అది ‘దియకోనియా’ ధాతువే. ఆ సన్నివేశం మొత్తంలో ఆ మాట వారి నోటనే, 44వ వచనంలో, ఒక్కసారే వినబడుతుంది.