డోలు దెబ్బకు ఏ తీగ?

మా రఘునాథపల్లిలో ఎవరింట్లో కొత్త హోమ్ థియేటర్ దిగినా నాకు ఫోన్ వస్తుంది. ‘అన్నా, ఈ పిన్ను ఎక్కడ గుచ్చాలె?’ అని. అడుగున వూఫర్, దానికి సొంత ఆంప్లిఫయర్ ఉన్న నిలువు స్పీకర్లతోనే ఈ తిప్పలు. వెనక ఎర్ర, నల్ల బిగింపులుంటాయి, కరెంటు తీగ ఉంటుంది, ఎల్ఎఫ్ఈ అని రాసిన ఆర్‌సీఏ రంధ్రం కూడా ఉంటుంది. అన్నీ కలపాలా, కొన్ని చాలా?

నేనైతే ముందు స్పీకర్ తీగలు మాత్రమే బిగించమంటాను. రిసీవర్ మెనూలో ముందు స్పీకర్లను ‘లార్జ్’ అని, సబ్‌వూఫర్ ‘నో’ అని పెట్టాలి. సినిమాలోని ప్రత్యేక బేస్ (ఎల్ఎఫ్ఈ) కూడా అప్పుడు వీటికే వస్తుంది. వూఫర్‌కు బలం గోడ ప్లగ్గు నుంచి అందుతుంది కాబట్టి స్పీకర్ తీగ మీద పెద్ద బరువు పడదు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 10 మీటర్ల దూరం పోయి వచ్చినా నిరోధం 0.14 ఓమ్ చుట్టుపక్కలే. 8 ఓమ్‌ల స్పీకర్‌కు అదొక లెక్క కాదు. తీగ మీద వేలు పోయనక్కర్లేదు.

ఇలా ఎందుకంటానంటే, నేను వినేది ఒగ్గుకథ. ఒగ్గుకథకుడు చుక్క సత్తయ్యది మా పక్క మండలం లింగాలఘనపురంలోని మాణిక్యపురం. 2017లో ఆయన పోయారు, గొంతు రికార్డుల్లో ఉంది. డోలు మీద దెబ్బ పడగానే ముందు తోలు చురుక్కుమంటుంది, దాన్నంటుకునే మోత కడుపులోకి దిగుతుంది. ఆ రెండూ ఒకే దెబ్బగా వినిపించాలి. 80 హెర్ట్జ్ కింది శబ్దం ఏ దిక్కు నుంచి వస్తుందో చెవికి పెద్దగా తెలియదంటారు, నిజమే. కానీ తోలు ముందు పలికి మోత వెనకబడితే మాత్రం దరువు తెలిసిన చెవి ఇట్టే పట్టేస్తుంది. రెండూ ఒకే తీగ మీదుగా వస్తే ఆ బెడద తక్కువ.

సినిమాలే ఎక్కువ చూసే ఇంటికి ఎల్ఎఫ్ఈ పిన్ను కూడా కలపడం మేలు. స్పీకర్లు ‘స్మాల్’, సబ్‌వూఫర్ ‘యెస్’, విభజన (క్రాసోవర్) 80 హెర్ట్జ్ దగ్గర. సినిమాలోని ఎల్ఎఫ్ఈ ట్రాకు 120 హెర్ట్జ్ దాకా ఉంటుంది, మిగతా చానళ్ల కంటే 10 డెసిబెల్స్ ఎక్కువగా మోగుతుంది. దానికి విడి దారి ఉంటే వూఫర్ మోతను కుర్చీలోంచే రిమోట్‌తో సర్దుకోవచ్చు. రిసీవర్‌కు సబ్ అవుట్ ఒకటే ఉంటే చీలిక తీగతో రెండు వూఫర్లకూ పంచాలి. అయితే దూరం, స్థాయి ఓపిగ్గా సరిచూసుకోవాల్సిందే.

చెడగొట్టేది చాలాసార్లు మెనూనే. పిన్ను గుచ్చకుండా ‘స్మాల్’ అని ఉంచితే వూఫర్‌కు కింది స్వరాలే అందవు. అంత డబ్బు పోసి కొన్నది మూగగా నిలబడుతుంది. మైకు పెట్టి ఆటోమేటిక్‌గా సరిచేయించినప్పుడు రిసీవరే ఈ ‘లార్జ్’, ‘స్మాల్’ సెట్టింగును మార్చేయవచ్చు. అందుకే ఆ తర్వాత మెనూ తెరిచి చూడాలి. పిన్ను గుచ్చి, ‘లార్జ్’ పెట్టి, పైన ‘ఎల్ఎఫ్ఈ ప్లస్ మెయిన్’ కూడా ఎంచుకుంటే అదే బేస్ రెండుసార్లు వస్తుంది. కిటికీలు గలగలమంటాయి, మాటలు మునిగిపోతాయి. పిల్లలకు అదే గొప్పగా ఉంటుంది, కథ వినే ముసలివాళ్లకు మాత్రం నరకం.

పిన్ను కలిపాక గుయ్యిమనే మోత మొదలైతే ఎర్తు పిన్ను విరిచేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి, షాకు కొడితే ప్రాణం పోతుంది. రిసీవర్‌నూ స్పీకర్లనూ ఒకే బోర్డు నుంచి ఇవ్వండి, డిష్ కేబుల్ ఒక్క నిమిషం ఊడదీసి చూడండి. మోత ఆగితే తప్పు అక్కడుంది. ఆగకపోతే ఎల్ఎఫ్ఈ పిన్ను తీసేసి, మెనూలో ‘లార్జ్’, ‘నో’ పెట్టి, స్పీకర్ తీగల మీదే వినండి.