కళావిద్యయు ఉపాధ్యాయుల ఆక్షేపణలును

2023వ సంవత్సరమున వెలువడిన జాతీయ పాఠశాల విద్యా ప్రణాళిక, పదవ తరగతి వరకు ప్రతి విద్యార్థియు కళావిద్య నభ్యసింపవలెనని నిర్దేశించినది. ఈ మాట క్రొత్తది కాదు. 2005 నాటి ప్రణాళిక సందర్భమున శుభా ముద్గల్ గారి అధ్యక్షతను కూడిన సంఘమును ఇట్లే కోరియుండెను. ఒకే కోరికను మరల వ్రాయవలసి వచ్చెననిన, లోపము ప్రణాళికలో గాక దానిని తరగతిలో నడపు విధానమున నున్నదని మా అభిప్రాయము.

ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయుల నుండి సాధారణముగా వినవచ్చు ఆక్షేపణలు మూడు. కాలము చాలదనునది మొదటిది. ఇది నిలువదు. పువ్వు భాగములను నల్లబల్లపై గీయక వృక్షశాస్త్రమును, పటము గీయక భూగోళమును బోధింపగల వారెవరు? రేఖ తెలిసిన చేయి తక్కిన చదువులకును సాయపడును.

మార్కులు లేని పాఠమును ఎవరును లెక్కచేయరనునది రెండవది. ఇందు సగము నిజము కలదు. కాని మార్కులకై గీయు బాలుడు తాను చూచిన చెట్టును విడిచి, పంతులుగారు మెచ్చు చెట్టునే గీయును. ఇచట దోషము గృహములదియు కలదు. రంగులు కలుపుకొను కుమార్తెను "చదువుకో" యని గద్దించు తలిదండ్రులు, అదియు చదువేయని యెఱుంగుట లేదు.

తాము నేర్వని విద్యను తామెట్లు నేర్పుదుమనునది మూడవది. ఇది న్యాయమైనది. 2024లో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి ఆరవ తరగతికి ప్రకటించిన "కృతి" యను పుస్తకమున చిత్రలేఖనము, సంగీతము, నృత్యము, నాటకము నాలుగును కలవు. గణితోపాధ్యాయుని చేతికి అట్టి పుస్తకమిచ్చి నాలుగు కళలు నేర్పుమనుట ధర్మమా? 2009 నాటి విద్యాహక్కు చట్టము, నూర్గురికి మించిన ప్రాథమికోన్నత పాఠశాలలకు కళాబోధకుని విధించినది. ఆ చట్టము ఎనిమిదవ తరగతితో ముగియును. పై రెండు తరగతులకు ఆ యాధారమైనను లేదు.

బోధకుడున్నచో సామగ్రికి లోటు లేదు. ఆర్మూరునే చూతము. పసుపు పంటకు పేరుపొందిన ఆ ప్రాంతపు బాలురకు పసుపనిన బజారు ధరయే తోచును. అదే పసుపునకు సున్నము కలిపిన ఎఱ్ఱని పారాణి యగుట ప్రతి యిల్లాలికిని తెలియును; అందు రసాయనశాస్త్రమును కలదు, వర్ణవిద్యయు కలదు. ఉత్తరమున గోదావరి దాటిన నిర్మల్ పట్టణమున పొనికి కర్రతో బొమ్మలు చేయువారు నేటికిని కలరు. సిద్ధిపేట వాస్తవ్యులు కీ. శే. కాపు రాజయ్యగారు (1925-2012) డ్రాయింగు మాస్టరుగా పనిచేసినవారే. తెలంగాణ పల్లె బ్రతుకును చిత్రించి దేశమున పేరుగాంచిరి. చిన్న పట్టణపు పాఠశాలకు అట్టి గురువు దొరకడనరాదు.

కావున ప్రతి ఉన్నత పాఠశాలకు ఒక కళోపాధ్యాయుని నియమింపవలెను. సమీపపు శిల్పులను తగిన వేతనమిచ్చి ఏటా కొన్ని దినములు రప్పింపవలెను. ఇవి చేయక ఉపాధ్యాయులను నిందించుట అన్యాయము. ఇక గృహస్థులు చేయవలసినది స్వల్పము: బిడ్డ గీసిన బొమ్మను తెచ్చి చూపినపుడు, మార్కులెన్నియని అడుగక, ఏమి చూచి గీసితివని అడుగుడు.