రేకు నుంచి రేణువు దాకా

జర్మనీలోని మ్యూల్‌హైమ్‌లో బొగ్గు పరిశోధన కోసం పుట్టిన మాక్స్ ప్లాంక్ సంస్థ ఒకటి ఉంది. అక్కడి రసాయన శాస్త్రవేత్తలు మాన్‌ఫ్రెడ్ రీట్జ్, వోల్ఫ్‌గాంగ్ హెల్బిగ్ 1994లో పల్లేడియం నానో రేణువులు తయారుచేసే ఒక పద్ధతిని ప్రకటించారు. సామాను చూస్తే కాలేజీ ల్యాబులోదే అనిపిస్తుంది: ఒక గాజు పాత్ర, రెండు లోహపు రేకులు, కరెంటును నిలకడగా ఇచ్చే సప్లై. ఈ కాస్త సరంజామాతో వాళ్లు రేణువు సైజును చెప్పుచేతల్లో పెట్టుకున్నారు.

యానోడ్ పల్లేడియం రేకు, కాథోడ్ ప్లాటినం రేకు. పాత్రలో నీళ్లుండవు. నాలుగు పాళ్లు అసిటోనైట్రైల్, ఒక పాలు టెట్రాహైడ్రోఫ్యూరాన్ కలిపి, అందులో టెట్రాఆక్టైల్ అమోనియం బ్రోమైడ్ అనే లవణం కరిగిస్తారు. కరెంటు పారాలంటే ద్రావణంలో అయాన్లు కావాలి కదా, అది ఈ లవణం మొదటి పని. రెండోది కాసేపట్లో తెలుస్తుంది.

స్విచ్చి వేయగానే యానోడ్ మీది పరమాణువులు రెండేసి ఎలక్ట్రాన్లు వదులుకుని అయాన్లుగా ద్రావణంలోకి దిగుతాయి. కాథోడ్ చేరి రెండేసి ఎలక్ట్రాన్లు తిరిగి తీసుకుని మళ్లీ లోహమవుతాయి. ఇక్కడిదాకా ఇది గిల్టు నగకు పూత పెట్టే పనే. అలాగే వదిలేస్తే పల్లేడియం కాథోడ్‌కు పూతలా అంటుకుంటుంది. లవణం రెండో పని మొదలయ్యేది ఇక్కడే. కొత్తగా పుట్టిన పరమాణువులు కొన్ని చేరి చిన్న గుంపు కట్టేసరికి, బ్రోమైడ్, అమోనియం అయాన్లు దాన్ని చుట్టేస్తాయి. ఒక్కో అమోనియం అయాన్‌కు ఎనిమిదేసి కార్బన్లున్న గొలుసులు నాలుగు. ఆ గొలుసుల అడ్డం వల్ల రేణువు ఇంకో రేణువుతో కలవలేదు. ధనావేశమున్న అమోనియం అయాన్లను కాథోడే తన దగ్గరికి లాక్కుంటుంది గనుక, లోహం పుట్టే చోటే కాపలా ముందుగా సిద్ధంగా ఉంటుంది. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చిన పొదుపు ఇదే.

లెక్కలోనూ అంతే పొదుపు. యానోడ్ ఇచ్చిన ఎలక్ట్రాన్లే కాథోడ్ దగ్గర ఖర్చవుతాయి. వేరే క్షయకరణ కారకం వేయనక్కర్లేదు, దాని మిగులును కడగనక్కర్లేదు. ఒక మిల్లీఆంపియర్ కరెంటు గంటసేపు పారితే దాదాపు 2 మిల్లీగ్రాముల పల్లేడియం కరుగుతుంది. రేకులోంచి పోయిన లోహంలో 95 శాతానికి పైగా రేణువులుగా చేతికొచ్చింది.

ఇక సైజు సంగతి. బూంది గరిటెకైతే కన్నాలుంటాయి, ఇక్కడ అలాంటి అచ్చేదీ లేదు. ఉన్నది కరెంటు తిప్పే మీట ఒక్కటే. రేకు చదరపు సెంటీమీటరుకు 0.1 మిల్లీఆంపియర్ పెడితే 4.8 నానోమీటర్ల రేణువులు వచ్చాయి. 5 మిల్లీఆంపియర్లకు పెంచితే 1.4 నానోమీటర్లకు తగ్గాయి. లోహం ఎక్కువగా వచ్చిపడుతుంటే రేణువులు పెద్దవి కావాలిగా? కరెంటు పెంచాలంటే కాథోడ్ దగ్గర అవసరానికి మించిన వోల్టేజి పెట్టాలి. ఆ మించినది పెరిగేకొద్దీ, కరిగిపోకుండా నిలబడగల బీజం చిన్నదైపోతుంది. అలాంటి బీజాలు ఒక్కసారిగా బోలెడు పుట్టి, వచ్చిన లోహాన్ని పంచేసుకుంటాయి. ఏదీ లావెక్కదు. తక్కువ కరెంటులో బీజాలు అరుదు, కాబట్టి పుట్టినవాటికి తీరిగ్గా తిండి దొరుకుతుంది.

1.4 నానోమీటర్లంటే పల్లేడియం పరమాణువులు అయిదింటిని వరసగా పేర్చినంత. ఆదర్శంగా కూర్చితే అందులో పట్టేవి 55: నడుమ ఒకటి, దాని చుట్టూ 12, పైన 42. అంటే నాలుగింట మూడు వంతులు ఉపరితలం మీదే. ఉత్ప్రేరకంగా పనిచేసేది ఆ పైపొర గనుక అంత చిన్న సైజు కోసం తాపత్రయం. 4.8 నానోమీటర్ల రేణువులో పరమాణువులు దాదాపు నాలుగు వేలు, ఎక్కువ భాగం లోపలే చిక్కుకుని ఉంటాయి.

తొడుగుతో ఉన్న రేణువులు ఆ ద్రావణంలో తేలలేక నల్లటి పొడిగా అడుక్కి దిగుతాయి. పైతేట వంచేసి ఆరబెట్టొచ్చు. తర్వాత టోలుయీన్‌లో వేస్తే గడ్డకట్టకుండా మళ్లీ విడివిడిగా కలిసిపోతాయి.

తొడుగు నిజంగా ఉందా అన్న ప్రశ్నకు రీట్జ్ బృందం 1995లో జవాబు చెప్పింది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు లోహమే కనిపిస్తుంది. సూదిమొనతో తడిమే టన్నెలింగ్ మైక్రోస్కోపుకు తొడుగుతో సహా తగులుతుంది. రెండు వ్యాసాల తేడాలో సగం తొడుగు మందం. గొలుసు పొడవున్న లవణం వాడినకొద్దీ ఆ మందమూ పెరిగింది.