యూఎస్‌బీ పోర్టుకు స్విచ్ ఎక్కడుంది? ఒక విమర్శనాత్మక పరిశీలన

ఆపరేటింగ్ సిస్టమ్‌లోని ఒక చిన్న సదుపాయాన్ని ఈ భాగంలో విమర్శకుని దృష్టితో చూద్దాం. అది యూఎస్‌బీ పోర్టుకు విద్యుత్తు ఇచ్చే, ఆపే సదుపాయం.

రెంటచింతల ఎండలు మీకు తెలిసినవే. మాచర్లలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ల్యాప్‌టాప్‌కు చిన్న యూఎస్‌బీ ఫ్యాను తగిలించుకుని చదువుకుంటున్నారనుకోండి. బ్యాటరీ తగ్గుతోంది. ఫ్యానును తెర మీద నుంచే ఆపుదామని చూస్తే, పరికరాల జాబితాలో అది కనిపించదు. ఇలాంటి ఫ్యాన్లు సాధారణంగా 5 వోల్టుల విద్యుత్తును మాత్రమే తీసుకుంటాయి, సమాచార తీగలను వాడవు. అందుకే అది ఉన్నట్టే సిస్టమ్‌కు తెలియదు.

చేత్తో పీకేస్తే పోతుంది కదా అంటారా? నిజమే. కానీ గురజాలలోని కంప్యూటర్‌కు ఉన్న కెమెరా మొరాయిస్తే, నరసరావుపేటలో కూర్చున్న మీరు దాన్ని ఎలా పీకుతారు? పోర్టుకు ఒకసారి విద్యుత్తు ఆపి ఇస్తే తీరిపోయే పనికి బస్సెక్కాల్సి వస్తుంది.

‘ఆపు’ అనే మాటకు ఇక్కడ మూడు అర్థాలున్నాయి: సమాచార మార్పిడి ఆపడం, పరికరాన్ని నిద్రపుచ్చడం, విద్యుత్తునే ఆపడం. తెర మీది మాటలు ఈ మూడింటినీ కలిపేస్తాయి. విండోస్ డివైస్ మేనేజర్‌లో, విద్యుత్తు ఆదా కోసం పరికరాన్ని ఆపివేయడానికి అనుమతించే గడి ఒకటుంది. అది చేసేది నిద్రపుచ్చడమే. నిద్రలోనూ 5 వోల్టులు అందుతూనే ఉంటాయి, యూఎస్‌బీ 2.0 పరికరం తన వాడకాన్ని 2.5 మిల్లీఆంపియర్లకు తగ్గించుకోవాలన్నది నియమం. ఆ సంకేతం వినపడని ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది.

లినక్స్ కెర్నల్ 2.6.32 వరకు పరికరాన్ని ‘సస్పెండ్’లో ఉంచమని వాడుకరి స్వయంగా చెప్పే వీలుండేది. తర్వాత దాన్ని తొలగించారు. 2022లో పోర్టు పేరిటే ‘డిసేబుల్’ అనే అంశాన్ని చేర్చారు. పరికరం నుంచి పోర్టుకు దృష్టి మళ్లించడం సరైన అడుగు. కానీ విద్యుత్తును ఆపగల హబ్బులు తక్కువేనని దాని వివరణ పత్రమే ఒప్పుకుంటుంది. కొన్ని హబ్బుల్లో పోర్టులన్నిటికీ ఒకటే స్విచ్. ఫ్యాను ఆపబోతే కీబోర్డు కూడా ఆగిపోవచ్చు. తిరిగి ఇవ్వడానికి మీట నొక్కే దారే ఉండదు.

ఇది హార్డ్‌వేర్ లోపం, సిస్టమ్‌ను నిందించడం ఎందుకన్న వాదన ఉంది. చేయలేకపోవడం హార్డ్‌వేర్ లోపమే. చేయగలిగినట్టు కనిపించడం మాత్రం రూపకర్త లోపం. మంచి నియంత్రణ ఈ పోర్టుకు విద్యుత్తు ఆపగలదో లేదో ముందే చెప్పాలి. దానితోపాటు ఏమేమి ఆగుతాయో చూపాలి. పెన్‌డ్రైవ్‌లో రాత పూర్తయ్యాకే ఆపాలి. వాడుకరి నిర్ధారించకపోతే కొన్ని సెకన్లలో విద్యుత్తును తిరిగి ఇవ్వాలి. ఇంట్లో స్విచ్చు మీద ఉంచే నమ్మకం ఇక్కడా కలగాలంటే ఇవన్నీ ఉండాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మీ కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్‌ను ‘ఎజెక్ట్’ చేయండి. అది పై మూడు అర్థాల్లో దేని కిందికి వస్తుంది? పెన్‌డ్రైవ్ దీపం వెలుగుతోందా, ఆరిందా? ఆ ఒక్క ఆధారంతో విద్యుత్తు ఆగిందని చెప్పవచ్చా? కారణాలతో ఐదు వాక్యాలు రాయండి.