చెరువు తరఫు వకాల్తా

2010 జూలై 14న శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. థర్మల్ విద్యుత్ కేంద్రం మాకొద్దని అడ్డుపడిన స్థానికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. సరిగ్గా అదే రోజు, ఢిల్లీలోని జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ ప్రాజెక్టుకిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. అధికారుల కాగితాల్లో అది పనికిరాని భూమి. ఊరివాళ్లకు మాత్రం అది బీల. నీళ్లు నిలిచే చిత్తడి నేల, చుట్టూ పొలాలకు తడి, వలలకు చేపలు, పక్షులకు మకాం. తరతరాలుగా జనానికి తెలిసిన ఈ సంగతి అప్పీలు సంస్థ ముందుకు ఊరకే వెళ్లలేదు. దాన్ని సాక్ష్యంగా మార్చి, చట్టం భాషలో చెప్పి, గడువులోగా దాఖలు చేసిన మనుషులున్నారు.

భూమి కేసులు వాదించే వకీళ్లకు తెలుగునాట కొదవ లేదు. వాటాలు, హద్దులు, పట్టాలు, రిజిస్ట్రేషన్లు సివిల్ కోర్టులకు రోజువారీ తిండి. అడవి, చెరువు, చిత్తడి నేల తరఫున నిలబడే న్యాయవాది పని వేరు. అసలు కక్షిదారు కోర్టుకు రాదు, వకాల్తా మీద సంతకం పెట్టదు, ఫీజు ఇవ్వదు. దాని తరఫున ఒక గ్రామ సంఘమో, రిటైరైన ప్రొఫెసరో, మత్స్యకారుల సొసైటీయో పిటిషనర్‌గా నిలబడాలి. ఇలాంటి కేసుల్లో రాబడి తక్కువ, కాబట్టి చాలామంది మామూలు సివిల్ ప్రాక్టీసుతో ఇల్లు నడుపుకుంటూ వీటిని నెత్తిన వేసుకుంటారు. అయినా గత నాలుగు దశాబ్దాల్లో దేశంలో దీనికంటూ ఒక సంప్రదాయం ఏర్పడింది. దాన్ని కట్టడంలో తెలుగు నేల వాటా చాలా పెద్దది.

పునాది రాజ్యాంగంలోనే ఉంది. 1976లో 42వ సవరణతో వచ్చిన 48-ఎ అధికరణం అడవులను, వన్యప్రాణులను కాపాడే పని ప్రభుత్వానికి అప్పగించింది. 51-ఎ(జి) అదే పనిని పౌరుడి విధిగా చెప్పింది. ఆదేశిక సూత్రాలను, ప్రాథమిక విధులను పట్టుకుని నేరుగా కోర్టుకెళ్లలేం. వాటిని 21వ అధికరణంలోని జీవించే హక్కుతో ముడివేయడమే న్యాయవాదులు కనిపెట్టిన దారి. 1987లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇచ్చిన దామోదర రావు తీర్పు ఆ దారిలో తొలి మైలురాళ్లలో ఒకటి. హైదరాబాద్ అభివృద్ధి ప్రణాళికలో జనం విహారానికి వదిలిన స్థలంలో ఎల్‌ఐసీ, ఆదాయపు పన్ను శాఖ ఇళ్లు కట్టబోయాయి. జస్టిస్ పి.ఎ. చౌదరి అందుకు ఒప్పుకోలేదు. పర్యావరణాన్ని నాశనం చేయడం జీవించే హక్కును హరించడమేనని తేల్చారు.

మొదటి పని రికార్డు

బయటివాళ్లకు కనిపించేది కోర్టులో వాదన. అసలు శ్రమ అంతకు నెలల ముందే తహసీల్దారు కార్యాలయంలో మొదలవుతుంది.

కబ్జా అవుతున్న ఒక చెరువు కేసు తీసుకుందాం. ముందుగా కావలసింది ఆ సర్వే నంబరు పుట్టుపూర్వోత్తరాలు. ఆంధ్ర జిల్లాల్లో అయితే రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, ఎఫ్‌ఎంబీ, అడంగల్. తెలంగాణలో సేత్వార్, ఖాస్రా పహాణీ, టిపన్, గ్రామ నక్షా. వీటన్నిటికీ ధ్రువీకరించిన నకళ్లు తీయాలి. జిరాక్సు కాపీలు కోర్టులో నిలవవు. నీటిపారుదల శాఖ దగ్గర అలుగు ఎత్తు, పూర్తి నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) హద్దు ఉంటాయి. ఇవ్వమంటే ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు. ఆపైన సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు, వేర్వేరు సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు.

ఇవన్నీ బల్ల మీద వరసగా పరిస్తే కథ బయటపడుతుంది. పాత రిజిస్టరులో ‘చెరువు పోరంబోకు’ లేదా ‘శిఖం’ అని ఉన్న నంబరు, కొన్నేళ్ల తర్వాత ఒట్టి ‘ప్రభుత్వ భూమి’ అవుతుంది. ఇంకొన్నేళ్లకు పట్టా కాలమ్‌లో ఒక పేరు చేరుతుంది. ఆ మార్పు ఏ ఉత్తర్వు మీద జరిగింది? ఉత్తర్వు ఉంటే, ఇచ్చిన అధికారికి ఆ అధికారం ఉందా? అసలు ఉత్తర్వే లేకపోతే కేసుకు ప్రాణం అక్కడే ఉంది. ఎదుటి పక్షం ‘అక్కడ చెరువెక్కడుంది, నీళ్లే లేవు కదా’ అంటుంది. వానాకాలంలో తీసిన ఉపగ్రహ చిత్రం, అలుగు, తూముల ఫొటోలు, కోర్టు పంపే అడ్వకేట్ కమిషనర్ నివేదిక అప్పుడు అక్కరకొస్తాయి.

తిరుపతి దగ్గరి పేరూరు, అవిలాల చెరువుల కేసు ఇలాంటిదే. ఆ చెరువు భూములను ఇళ్ల కోసం కేటాయించారు. ఇంటలెక్చువల్స్ ఫోరం అనే సంస్థ హైకోర్టులో ఓడి, సుప్రీంకోర్టుకెళ్లింది. 2006లో సుప్రీంకోర్టు చెరువులను ప్రజల తరఫున ప్రభుత్వం చేతిలో ఉన్న ధర్మనిధిగా చూసింది. ప్రభుత్వం వాటికి ధర్మకర్తే తప్ప యజమాని కాదన్న ఈ పబ్లిక్ ట్రస్ట్ సూత్రాన్ని అంతకు పదేళ్ల ముందు హిమాచల్‌లో బియాస్ నది ఒడ్డున ఒక మోటెల్ కేసులో న్యాయవాది ఎం.సి. మెహతా సాధించారు. తిరుపతిలో గెలుపు సగమే. అప్పటికే కట్టిన ఇళ్లు అలాగే ఉండిపోయాయి. కొత్త కట్టడాలు మాత్రం ఆగాయి, ఉన్న ఇళ్లకు వాన నీటిని ఇంకించే ఏర్పాటు తప్పనిసరి అయింది. ఇంకాస్త ముందు స్టే దొరికి ఉంటే ఇంకొంత చెరువు మిగిలేది.

చట్టంలో ఒక్క మాట

అనంతగిరి కొండల్లో, బొర్రా గుహల చుట్టుపక్కల కాల్సైట్ తవ్వకాలకు ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకు లీజులిచ్చింది. అక్కడి గిరిజన రైతుల పక్షాన ‘సమత’ అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెళ్లింది. చేతిలో ఉన్న ఆయుధం 1959 నాటి షెడ్యూల్డు ప్రాంతాల భూ బదలాయింపు నిబంధన. 1970 సవరణ తర్వాత ఏజెన్సీలో దాన్ని అందరూ ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అంటారు. ఏ ‘వ్యక్తీ’ అక్కడి భూమిని గిరిజనేతరుడికి బదలాయించకూడదని అది చెబుతుంది.

ప్రభుత్వం వాదన సూటిగా ఉంది. ఈ నిబంధన మనుషులకు, మాకు కాదు. ప్రభుత్వ భూమిని ఎవరికైనా లీజుకిస్తాం. హైకోర్టు ఆ వాదనకే మొగ్గింది. సమత పక్షం ఆ ఒక్క మాటనే పట్టుకుని సుప్రీంకోర్టుకెళ్లింది. గిరిజనుడి భూమిని గిరిజనుడికే మిగల్చడం చట్టం ఉద్దేశమైనప్పుడు, అతి పెద్ద భూయజమాని అయిన ప్రభుత్వాన్ని దాని బయట నిలబెడితే ఆ చట్టం ఎందుకు? 1997 జూలై 11న ఇద్దరు న్యాయమూర్తుల మెజారిటీతో, ఒకరి అసమ్మతితో సుప్రీంకోర్టు ఆ వాదనను అంగీకరించింది. ‘వ్యక్తి’లో ప్రభుత్వమూ ఉందని, గిరిజనేతరులకిచ్చిన లీజులు చెల్లవని చెప్పింది. గిరిజనుల సహకార సంఘాలకు, ప్రభుత్వరంగ సంస్థలకు తవ్వకాలు అప్పగించవచ్చంటూనే, లాభాల్లో కనీసం 20 శాతం ఆ ప్రాంతపు నీటివసతికి, బడులకు, వైద్యానికి, రోడ్లకు కేటాయించాలని షరతు పెట్టింది. ఆ తర్వాత విశాఖ మన్యంలో బాక్సైట్ మీద నడిచిన పోరాటాలు ఈ తీర్పును ఆసరా చేసుకున్నాయి.

భూమి, ఆవాసాల కేసుల్లో వక్తృత్వం కన్నా ఈ ఓపికైన చదువుకే ఎక్కువ విలువ.

రుజువు భారం ఎవరిది?

1908 మూసీ వరద తర్వాత హైదరాబాద్‌ను కాపాడటానికి కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ దశాబ్దాల పాటు నగరానికి తాగునీరిచ్చాయి. వాటి చుట్టూ 10 కిలోమీటర్ల మేర కాలుష్య పరిశ్రమలు రాకుండా 1996లో 111 జీవో వచ్చింది. ఆ పరిధిలోనే ఆముదం నూనె ఉత్పత్తుల కర్మాగారం పెట్టబోయిన ఒక కంపెనీకి కాలుష్య నియంత్రణ మండలి అనుమతి నిరాకరించింది. అప్పీలులోనూ హైకోర్టులోనూ కంపెనీదే పైచేయి. ప్రభుత్వం జీవో నుంచి మినహాయింపు కూడా ఇచ్చింది.

మండలి సుప్రీంకోర్టుకెళ్లింది. ఎం.వి. నాయుడు కేసుగా పేరుపడ్డ ఆ వ్యాజ్యంలో 1999లో జస్టిస్ ఎం. జగన్నాథరావు ఇచ్చిన తీర్పు ఈ వృత్తి నడకనే మార్చింది. హాని జరుగుతుందని జనం రుజువు చేయనక్కర్లేదు, జరగదని పరిశ్రమే రుజువు చేయాలి. ముందు జాగ్రత్త సూత్రం అంతకు ముందే వెల్లూరు తోలు పరిశ్రమల కేసులో వచ్చింది. ఇక్కడ దాన్ని విప్పి చెప్పారు. ప్రయోగశాలలు, నిపుణులు లేని ఊరి పిటిషనర్‌కు ఇది కొండంత అండ. 2000 డిసెంబరులో తుది తీర్పు వచ్చింది. మినహాయింపు చెల్లలేదు, కర్మాగారం రాలేదు.

సైన్సు చిక్కుముడులను మామూలు కోర్టులు ఒంటరిగా విప్పలేవని, నిపుణులు కూర్చునే పర్యావరణ కోర్టులు కావాలని ఆ కేసులోనే జస్టిస్ జగన్నాథరావు సూచించారు. తర్వాత ఆయనే లా కమిషన్ అధ్యక్షులై 2003లో 186వ నివేదికలో ఆ కోర్టుల నమూనా ఇచ్చారు. 2010లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఏర్పడింది. హిమాయత్‌సాగర్ గట్టు నుంచి మొదలైన ఆలోచన దేశమంతటికీ ఒక కోర్టును ఇచ్చింది.

ఏ గుమ్మం, ఎన్ని రోజులు?

ట్రిబ్యునల్ వచ్చినా ప్రతి కేసూ అక్కడికి వెళ్లదు. నీటి, గాలి కాలుష్య చట్టాలు, అటవీ సంరక్షణ చట్టం, పర్యావరణ పరిరక్షణ చట్టం, జీవవైవిధ్య చట్టం వంటి ఏడు చట్టాలే దాని పరిధి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆ జాబితాలో లేదు. అభయారణ్యం హద్దుల గొడవకు హైకోర్టే దిక్కు. పర్యావరణ అనుమతిని సవాలు చేయాలంటే 30 రోజుల్లో అప్పీలు వేయాలి. తగిన కారణం చూపితే మరో 60 రోజులు. అది దాటితే ఎంత బలమైన కేసైనా తలుపు మూసుకుంటుంది. ఈ రోజులు లెక్కపెట్టుకోవడం చిన్న పనిగా కనిపిస్తుంది కానీ ఎన్నో మంచి కేసులు ఇక్కడే పోతాయి.

ఒక్కోసారి గంటలే మిగులుతాయి. 2025 ఏప్రిల్ 3న హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలిలో చెట్ల నరికివేత విషయం సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. కోర్టు తెలంగాణ హైకోర్టు రిజిస్ట్రార్‌ను వెంటనే అక్కడికెళ్లి మధ్యాహ్నం మూడున్నరకల్లా నివేదిక పంపమంది. భారీ యంత్రాలతో సుమారు 100 ఎకరాలు చదును చేశారని, నెమళ్లు, జింకలు కనిపించాయని నివేదిక వచ్చింది. అదే రోజు పని ఆగింది. నరికిన చెట్టును తర్వాతి తీర్పు తిరిగి నిలబెట్టలేదు. అందుకే ఈ రంగంలో మధ్యంతర ఉత్తర్వుకు తుది తీర్పుతో సమానమైన బరువు ఉంది.

తీర్పు తర్వాత

నీలగిరి జిల్లా గూడలూరు అడవుల నరికివేత మీద నిలంబూరు కోవిలకం వంశస్థుడు టి.ఎన్. గోదావర్మన్ తిరుముల్పాడ్ 1995లో వేసిన పిటిషన్‌లో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 12న పెద్ద ఉత్తర్వు ఇచ్చింది. యజమాని ఎవరైనా సరే, అడవి అనదగ్గ ప్రతి నేలకూ అటవీ సంరక్షణ చట్టం వర్తిస్తుందని చెప్పింది. కేసును ముగించకుండా, ఏళ్ల తరబడి దరఖాస్తులు వింటూ అమలును తానే పర్యవేక్షించింది. 2023లో చట్టాన్ని సవరించినప్పుడు, 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ పాత నిర్వచనాన్నే ప్రస్తుతానికి పాటించమంది.

ఈ కాపలా లేకపోతే ఏమవుతుందో కొల్లేరు చెబుతుంది. 1999లో ఆ సరస్సులో ఐదో కాంటూరు (నేల ఎత్తును చూపే గీత) దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. అయినా చేపల చెరువులు నిలిచే ఉన్నాయి. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట గట్లు తెగ్గొట్టారు. ఆ తర్వాత మళ్లీ తవ్వకాలు మొదలయ్యాయి. 111 జీవో ఆంక్షలను కూడా 2022లో ప్రభుత్వం మరో జీవోతో ఎత్తేసింది. గెలిచిన కేసును వదిలేయకుండా కనిపెట్టుకుని ఉండటం ఈ న్యాయవాది బాధ్యతలో సగం.

కొల్లేరు ఇంకొకటి కూడా చెబుతుంది. అభయారణ్యం హద్దుల్లో జిరాయితీ పట్టాలున్నవాళ్లు, వల మీద బతికే కుటుంబాలు ఉన్నాయి. వాళ్ల హక్కులు తేల్చకుండా చేసే సంరక్షణ నిలబడదు, న్యాయమూ కాదు. ఒడిశా నియమగిరి కొండ మీద బాక్సైట్ గని కేసులో 2013లో సుప్రీంకోర్టు నిర్ణయాన్ని గ్రామసభలకే వదిలింది. 12 గ్రామసభలూ గని వద్దన్నాయి. అక్కడ కొండా మిగిలింది, అక్కడి డోంగ్రియా కోంధు గిరిజనుల బతుకూ మిగిలింది. మంచి న్యాయవాది మొదట వెతకవలసింది ఆ నేల మీద బతికే మనుషుల మాటనే.

ఈ పనిలోకి మరింతమంది రావాలి. అదీ ఢిల్లీలో, హైదరాబాద్‌లో, అమరావతిలో మాత్రమే వస్తే సరిపోదు. అడంగల్ చదవడం వచ్చిన, ఊరి హద్దులు నడిచి చూసిన యువ న్యాయవాదులు జిల్లా, మండల స్థాయి బార్లలోనే ఉన్నారు. సీనియర్లు ఏడాదికి ఒక్క చెరువు కేసు చేతికిచ్చి నేర్పితే చాలు. పాఠకులూ చేయగలిగింది ఉంది. మీ ఊరి చెరువు సర్వే నంబరు కనుక్కుని, దాని పాత రికార్డుకు, ఎఫ్‌టీఎల్ మ్యాపుకు ధ్రువీకరించిన నకళ్ల కోసం ఈ నెలలోనే దరఖాస్తు పెట్టండి. గొడవ మొదలయ్యాక కాగితాలు వెతకడానికి 30 రోజులు చాలవు.