క్రియ కోసం నిరీక్షణ: జపనీస్ వాక్యావగాహన సిద్ధాంతాలపై ఒక పరిశీలన

జపనీస్ క్రియాంత భాష. కర్త, కర్మ, సంప్రదానాలు ముందు వస్తాయి; వాటి పరస్పర సంబంధాన్ని నిర్ణయించే క్రియ చివర వస్తుంది. క్రియ వినబడేవరకు శ్రోత మెదడు ఏం చేస్తుంది? బ్రాడ్లీ ప్రిచెట్ 1992 నాటి గ్రంథంలో ప్రతిపాదించిన శీర్షాధారిత సిద్ధాంతం ప్రకారం, శీర్షపదం లభించేవరకు దాని అంగాలకు అన్వయం కుదరదు. దీన్ని జపనీస్‌కు వర్తింపజేస్తే, శ్రోత నామాలను పోగుచేసుకొని క్రియ కోసం వేచి ఉంటాడని చెప్పవలసి వస్తుంది. ఈ నిర్ధారణ నిలవదు. అయితే దాన్ని ఖండించిన ప్రయోగాల ఆధారంగా క్రియాంత భాషలన్నిటికీ ఒకే సూత్రం చెప్పడం కూడా సమంజసం కాదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కమిదె, ఆల్ట్‌మన్, హేవుడ్ 2003లో ప్రచురించిన నేత్రచలన ప్రయోగం ఇక్కడ కీలకం. శ్రోతల ఎదుట వెయిట్రెస్, గిరాకీ, హాంబర్గర్ మొదలైనవాటితో కూడిన చిత్రం ఉంది. వాక్యంలో గిరాకీని తెలిపే పదానికి 'ని' చేరినప్పుడు (ఇది మన ద్వితీయ కాదు, 'కి/కు' వంటిది), 'ఒ' అనే కర్మ ప్రత్యయం చేరినప్పటికంటే, శ్రోతల చూపు హాంబర్గర్ వైపు ఎక్కువగా మళ్లింది. అప్పటికి ఆ వస్తువు పేరు గాని, క్రియ గాని వినబడలేదు. మన శాబ్దబోధ పరిభాషలో, విభక్తి ప్రత్యయమే ఆకాంక్షను రేకెత్తించిందనవచ్చు. కానీ చిత్రంలో ఉన్న వస్తువులు కొన్నే. ఊహకు అవకాశం ముందే పరిమితమై ఉంది. శ్రోత నిష్క్రియంగా వేచి ఉండడని ఈ ప్రయోగం రుజువు చేస్తుంది. చిత్రం లేని చోట ఊహ ఎంత దూరం సాగుతుందో చెప్పదు.

పదక్రమం మార్చి కర్మను కర్తకు ముందుంచిన జపనీస్ వాక్యాలు చదివేటప్పుడు ఎడమ లలాటభాగపు దిగువ ప్రాంతంలో క్రియాశీలత పెరుగుతుందని 2009లో వెలువడిన మెదడు చిత్రణ అధ్యయనం చూపింది. ఆ పెరుగుదల వాక్యనిర్మాణ భారం వల్లనా, జ్ఞాపకభారం వల్లనా, ఆ క్రమం అరుదు కావడం వల్లనా అన్నది చిత్రణ ఒక్కటే తేల్చలేదు. స్థానాన్ని ప్రక్రియకు వివరణగా భావించడం పొరపాటు.

తెలుగుతో పోలిక ఇక్కడ ప్రయోజనకరం. 'గకుసే-గ హొన్-ఒ యొన్ద' అంటే 'విద్యార్థి పుస్తకం చదివాడు'. దీనికి 'సెన్సే-ఒ మిత' చేరిస్తే అర్థం తలకిందులవుతుంది: పుస్తకం చదివిన ఉపాధ్యాయుణ్ణి విద్యార్థి చూశాడు. 'యొన్ద' సమాపక క్రియగానూ నామవిశేషణంగానూ ఒకే రూపంలో ఉండడమే ఇందుకు కారణం. శ్రోత కట్టుకున్న అన్వయాన్ని విప్పి మళ్లీ కట్టుకోవాలి. తెలుగులో 'చదివాడు', 'చదివిన' వేర్వేరు రూపాలు. 'చదివిన' అనగానే మరో నామం రావలసి ఉందని తెలిసిపోతుంది. మరోవైపు, ఆధునిక తెలుగులో జపనీస్ 'గ' వలె కర్తను విడిగా సూచించే ప్రత్యయం లేదు. జడవాచకాలకు కర్మార్థంలోనూ ద్వితీయ తరచు లోపిస్తుంది. ఆ లోటును కొంతవరకు క్రియలోని లింగవచనపురుష బోధక ప్రత్యయం భర్తీ చేస్తుంది; అది జపనీస్‌లో లేదు.

కాబట్టి జపనీస్ శ్రోతకు నామం దగ్గరే దొరికే సూచన కొన్నిచోట్ల తెలుగు శ్రోతకు క్రియ దగ్గర దొరుకుతుంది. జపనీస్ శ్రోత తడబడే చోట తెలుగు శ్రోతకు స్పష్టత ఉంటుంది. 'క్రియాంత భాష' అన్న ఒక్క లక్షణంతో అవగాహన ప్రక్రియను నిర్ణయించలేం. ఏ సూచన ఏ పదం దగ్గర అందుతుందన్నది ఆయా భాషల వ్యాకరణం నుంచే రాబట్టాలి. జపనీస్ ఫలితాలను తెలుగుకు ఆపాదించే ముందు జరగవలసిన పని అదే.