వదిలే చేయి

పైకి విసిరిన రైఫిల్ చేతికి దొరుకుతుందా లేదా అన్నది అది గాల్లో తిరుగుతుండగా తేలే సంగతి కాదు. చేతులు దాన్ని వదిలినప్పుడే తేలిపోతుంది. అప్పుడు అది ఎటు వంగి ఉంది, మణికట్టు ఎంత ఊపునిచ్చింది, మోకాళ్లు ఎంత బలమిచ్చాయి అన్న మూడూ కుదిరితే పట్టుకునే చేయి వెతుక్కోనక్కర్లేదు. డాలస్‌కు ఉత్తరాన మేముండే ఊళ్లో హైస్కూలు కలర్ గార్డ్ పిల్లల్ని చూసి నేను తెలుసుకున్న మొదటి విషయం ఇది. మా అమ్మాయి ఆ జట్టులో ఉంది. వాళ్లకు జెండాలు కుట్టిపెట్టే తల్లుల్లో నేనొకదాన్ని.

మన దగ్గర జెండా పట్టుకుని నడిచే దళం అనగానే ఎన్‌సీసీ పరేడ్ గుర్తొస్తుంది. అమెరికా హైస్కూళ్ల కలర్ గార్డ్‌కు మూలం కూడా సైనిక కవాతే. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల సంఘాలు, ముఖ్యంగా అమెరికన్ లీజియన్ శాఖలు, ఎన్నో ఊళ్లలో డ్రమ్ము, బ్యూగిల్ దళాలను పోషించాయి. ఆ దళాల్లో కొందరు జాతీయ జెండా పట్టుకుంటే, ఇంకొందరు దానికి కాపలాగా నడిచేవారు. తరాలు మారేకొద్దీ ఆ కాపలా నడకే నాట్యమైంది, ఫుట్‌బాల్ మ్యాచ్‌ల మధ్య విరామంలో బడి మార్చింగ్ బ్యాండుతో కలిసి మైదానంలో చేసేదైంది. ఇప్పుడు వీళ్ల చేతిలోని రైఫిల్ తుపాకీ కాదు, ఆ ఆకారంలో చెక్కిన కర్ర. సేబర్ అనే కత్తికి పదును ఉండదు. జెండా ఏ దేశానిదీ కాదు. ఆ ఏడాది బ్యాండు ఎంచుకున్న కథకు తగ్గ రంగులు దానిమీద ఉంటాయి. ఫుట్‌బాల్ సీజన్ అయిపోయాక పిల్లలు బ్యాండు లేకుండా, రికార్డయిన సంగీతంతో జిమ్‌లో పోటీ పడతారు. ఆ శీతకాలపు పోటీల కోసం 1977లో వింటర్ గార్డ్ ఇంటర్నేషనల్ పుట్టింది. ఏప్రిల్‌లో ఒహాయోలోని డేటన్‌లో జరిగే దాని ఛాంపియన్‌షిప్ ఈ పిల్లలందరి కల.

ఈ విద్యలో కష్టం ఎక్కడుందో చెప్పాలి. నడకను నెమ్మదిగా సాధన చేయొచ్చు. వాద్యాన్ని నెమ్మదిగా వాయించి నేర్చుకోవచ్చు. టాస్‌ను, అంటే పైకి విసిరి పట్టుకోవడాన్ని మాత్రం నెమ్మదిగా చేయలేం. పైకి వెళ్లిన వస్తువు ఎంత ఎత్తుకు లేచిందన్న దాన్నిబట్టే ఎంతసేపు గాల్లో ఉంటుందన్నది ఉంటుంది. వదిలిన ఎత్తులోనే మళ్లీ అందుకోవాలంటే, ఒక సెకను కోసం నాలుగడుగులు లేవాలి. రెండు సెకన్లకు ఎనిమిది అడుగులు చాలవు, పదహారు కావాలి. నిమిషానికి 120 బీట్ల వేగంలో ఒక సెకను అంటే రెండు కౌంట్లు. ఆ వ్యవధిలో రైఫిల్ రెండు చుట్లు తిరిగితే డబుల్, మూడు తిరిగితే ట్రిపుల్. మెట్రోనోమ్ వేగం తగ్గించామని భూమి తన ఆకర్షణను తగ్గించుకోదు కదా.

అందుకే ఈ పిల్లలు టాస్‌ను ముక్కలు చేసి నేర్చుకుంటారు. రైఫిల్ వదలకుండా మోకాళ్లు వంచి లేవడం ఒక్కటే పదేపదే చేస్తారు. తరువాత ఒక్క చుట్టు, ఆ తరువాత రెండు. తిరుగుతున్న రైఫిల్ ప్రేక్షకులకు ఎదురుగా, గోడకు ఆనించినట్టు ఒకే తలంలో ఉండాలి. వదిలేటప్పుడు కాస్త వాలినా ముందుకో వెనక్కో పోతుంది, దాని వెంట మనిషి పరుగెత్తాలి. మా జట్టులో కూచిపూడి నేర్చుకుంటున్న తెలుగు పిల్లలున్నారు. అరమండిలో ఏళ్ల తరబడి నిలబడిన ఆ మోకాళ్లు ఇక్కడ బాగా అక్కరకొస్తాయి. విసిరే బలం భుజంలోంచి కాదు, కిందినుంచే వస్తుందని వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఒక్కరు పట్టుకోవడం విద్యలో సగమే. పొట్టివాళ్లూ పొడుగువాళ్లూ కలిసిన వరసలో అన్ని రైఫిళ్లూ ఒకే కౌంట్‌లో లేచి, ఒకే కౌంట్‌లో చేతుల్లో పడాలి. అంటే ఎవరి బలం ఎంతున్నా, అందరూ విసరాల్సిన ఎత్తు ఒక్కటే. బాగా బలమున్న పిల్ల తన శక్తి చూపించుకోవాలని ఒక అడుగు ఎక్కువ విసిరిందంటే అందరికన్నా ఆలస్యంగా అందుకుంటుంది, వరస చెదిరిపోతుంది. కుదిరినప్పుడు మాత్రం అన్ని అరచేతులూ చెక్కను తాకిన చప్పుడు ఒక్కటిగా వినిపిస్తుంది. ఆ ఒక్క చప్పుడు కోసం వేసవంతా ఎండలో నిలబడ్డారు. అందులో ఎవరి వాటా ఎంతో విడదీసి చెప్పలేం, చెప్పాల్సిన పని కూడా లేదు.

జెండాకు శత్రువు గాలి. దాదాపు ఆరడుగుల అల్యూమినియం గొట్టానికి పల్చటి గుడ్డ తొడుగుతాం, జారకుండా ఎలక్ట్రికల్ టేపు చుడతాం. గొట్టం చివరల్లో బరువు కోసం బోల్టులు, వాటిమీద రబ్బరు మూతలు. ఎక్కడ పట్టుకోవాలో వేళ్లకు తెలిసేలా మధ్యలో మరో చుట్టు టేపు. ఒక జెండా అంచు మందంగా కుట్టినా, బరువు ఒక చివర తక్కువైనా అది మిగతా వాటిలా తిరగదు. కుట్టు మిషను ముందు కూర్చున్నప్పుడు నేను దీన్ని మరచిపోను. పిల్లల చేతులన్నీ ఒక్కటిగా కదలాలంటే ముందు వాళ్ల చేతికిచ్చే వస్తువులు ఒక్కటిగా ఉండాలి.

ఇదంతా నిలబడి చేసేది కూడా కాదు. మైదానం మీద అయిదు గజాలకోసారి తెల్లగీత ఉంటుంది. గీతకూ గీతకూ మధ్య ఎనిమిది అంగలు, ఒక్కో అంగ 22.5 అంగుళాలు. ఏ కౌంట్‌కు ఎక్కడ ఉండాలో ప్రతి ఒక్కరికీ రాసిచ్చిన చోటు ఉంటుంది. ట్రాంబోన్లు వెనక్కి నడిచొస్తుంటే వాళ్ల మధ్యలోంచి జెండా తిప్పుకుంటూ పరుగెత్తి, తన చోటుకు చేరి, ఊపిరి సర్దుకుని విసరాలి. ముఖంలో ఆయాసం కనిపించకూడదు.

ఎంత సాధన చేసినా ఒక్కోసారి కింద పడుతుంది. అప్పుడేం చేయాలన్నది కూడా నేర్పుతారు. అందులోనే ఈ విద్య గొప్పతనం నాకు ఎక్కువగా కనిపిస్తుంది. పడినదాన్ని చూసి ముఖం మార్చకూడదు. దగ్గర్లో ఉంటే నాట్యంలో కలిసిపోయే కదలికతోనే వంగి తీసుకోవాలి. దూరంగా దొర్లిపోతే దాని వెంట పడకుండా ఉత్త చేతులతోనే ఆ కదలికలన్నీ చేయాలి. తిరిగి చేతికొచ్చాక తను ఆపిన చోటినుంచి మొదలుపెట్టకూడదు, అందరూ ఎక్కడున్నారో అక్కడ కలవాలి. పోయిన కౌంట్లు పోయినట్టే. గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మ స్టేడియంలో కూర్చుని, “ఆ పిల్ల జెండా పడిపోయిందే, పాపం, ఇప్పుడు తిడతారా?” అని అడిగింది. “తిట్టరమ్మా, ఎలా తీసుకుందో చూస్తారు” అన్నాను. ఇంటికొచ్చేదాకా అమ్మ ఆ పిల్ల ఎంత తొణక్కుండా తీసుకుందో చెబుతూనే ఉంది.

న్యాయనిర్ణేతల లెక్క కూడా పడిపోవడాలకు మార్కులు కోసుకుంటూ పోయేది కాదు. శీతకాలపు పోటీల్లో రైఫిళ్లు, సేబర్లు, జెండాల పనికి విడిగా మార్కులుంటాయి. ఎంత క్లిష్టమైన విద్యను పిల్లల చేత చేయిస్తున్నారన్నది సగం, దాన్ని ఎంత చక్కగా చేస్తున్నారన్నది సగం. తేలికైనదే ఎంచుకుని తప్పు లేకుండా చేసిన జట్టుకు మొదటి సగం తగ్గుతుంది. చేతకానిది ఎత్తుకున్న జట్టుకు రెండో సగం తగ్గుతుంది. తన శక్తి ఎంతో సరిగ్గా తెలుసుకున్న జట్టే గెలుస్తుంది.

దీనివల్ల చదువు దెబ్బతింటుందన్న భయం అక్కర్లేదు. టెక్సస్‌లో బడి మొదలయ్యాక మార్చింగ్ బ్యాండు సాధన బడివేళల బయట వారానికి ఎనిమిది గంటలు మించకూడదని నియమం ఉంది. ఫెయిలైన పిల్లలు పోటీకి వెళ్లడానికి లేదన్న చట్టం 1984 నుంచి ఉంది. మార్చింగ్ బ్యాండును వ్యాయామ విద్య కింద లెక్కించే వీలూ ఉంది. ఇవన్నీ తెలిసి కూడా మన ఇళ్లలో కొందరు, “దీనివల్ల కాలేజీ అడ్మిషన్‌కు ఏం ఉపయోగం?” అని అడుగుతుంటారు. ఆ ప్రశ్న నాకు బాధ కలిగిస్తుంది. ఇంకొకరికన్నా ముందుండాలని పిల్లలకు చిన్నప్పటినుంచీ మనమే నేర్పుతున్నాం. పక్కవాళ్లకన్నా ఒక్క కౌంట్ కూడా ముందుండకుండా తన పని పూర్తిగా చేయడం వాళ్లు ఇక్కడ నేర్చుకుంటున్నారు. ఆఫీసులోనైనా, సంసారంలోనైనా, ఊరి పనిలోనైనా రేపు వాళ్లకు అవసరమయ్యేది ఇదే.

కూచిపూడి రంగప్రవేశానికి హాలు మాట్లాడి, బంధువులందరినీ పిలిచి, ముందు వరసలో కూర్చుంటాం. అది విద్య అని మనకు తెలుసు కాబట్టి. ఇదీ విద్యే. శుక్రవారం మ్యాచ్‌లో హాఫ్ టైమ్ కాగానే తినుబండారాల కోసం లేచి వెళ్లకుండా ఆ కాసేపూ కూర్చుని చూద్దాం. అక్టోబరులో జరిగే మార్చింగ్ బ్యాండు పోటీలకు అమ్మమ్మల్నీ తాతయ్యల్నీ కూడా వెంట తీసుకెళ్దాం. మన పిల్ల ఏ వరసలో ఉందో వెతకడం మానేసి, జట్టంతటికీ చప్పట్లు కొడదాం.